రన్‌వే పక్కన కాకులు

రేణిగుంట విమానాశ్రయంలో రన్‌వేను పొడిగించిన కొత్తలో జరిగిందిది. నేను చేరినప్పుడు ఇక్కడ ఉన్నది ఒక చిన్న భవనం, వేళ్ల మీద లెక్కపెట్టే విమానాలు. తర్వాత గరుడపక్షి రూపంలో పెద్ద టెర్మినల్ కట్టారు. నేను బర్డ్ చేజర్‌ని. విమానం దిగేటప్పుడూ లేచేటప్పుడూ టపాసులు పేల్చి పక్షులను తోలాలి. ఒక్క కాకి ఇంజన్‌లో పడినా ప్రయాణికుల ప్రాణాలకే ముప్పు. "గరుడుడికి మేడ కట్టి, కాకులను తోలేదానికి నిన్ను పెట్టుకున్నారు" అని మా ఆవిడ ఆటపట్టించేది. నవ్వేవాణ్ని గానీ, పగలంతా ఆ గడ్డిలో పలకరించే మనిషి ఉండడు.

ఒక ఉదయం క్రాష్ గేటు దగ్గర, అంటే ప్రమాదం జరిగితే ఫైరింజన్లు బయటికెళ్లే దారిలో, ఊచల అవతల ఒక ముసలాయన కనిపించాడు. అరిటాకులో అన్నం, వడ పెట్టి ఆకాశంకేసి చూస్తున్నాడు.

"ఈడ అన్నం పెట్టగూడదు పెద్దాయనా, కాకులొస్తాయి" అన్నాను.

"రావాలనే కదప్పా పెట్టింది! ఈపొద్దు మా ఇంటామె సంవత్సరీకం. నీ ఎనకాల గడ్డి ఉండాదే, ఆడనే పూడ్సినాము. అప్పుడది మా సెనిక్కాయల చేను. రన్‌వేకి ఇచ్చేసినప్పటి నుంచీ కాకి ముట్టడంలే. నా మీద అలిగినట్టుండాది."

కాకి ముట్టకపోతే పోయినవారికి ఏదో కొరత మిగిలిందని మా పక్క నమ్మకం.

"ఆమె అలగలేదు పెద్దాయనా. కాకుల్ని తోలేది నేను. అదే నా పని."

కోప్పడతాడనుకున్నాను. ఆయన ముఖం విప్పారింది.

"నువ్వా? అయితే ఆమె అలిగి కాదా?"

అంతలో ఎక్కడినుంచో ఒక కాకి వచ్చి గేటు మీద వాలింది. తల వంచి ఆకును చూసింది. ఆయన చేతులు జోడించాడు. అదే క్షణాన వాకీటాకీలో టవర్ నుంచి పిలుపు, హైదరాబాద్ విమానం దిగుతోందని.

"ఒక్క గడియ ఆగు నాయనా!"

"కుదరదు పెద్దాయనా."

పేల్చాను. కాకి ఎగిరిపోయింది. విమానం క్షేమంగా దిగింది.

ఆయన ఆకు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "వచ్చింది, సూసినావు గదా. అది సాలు" అని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ రోజు నాకు అన్నం సహించలేదు. తప్పు చేయలేదని తెలుసు, మళ్లీ అయినా పేలుస్తాను. తప్పనిసరి పని కూడా మనసును కోస్తుందని మాత్రం అప్పుడే తెలిసింది. ఆమె వచ్చిందన్న తృప్తితో ఆయన ఇంటికెళ్లాడు. ఆమెను తోలేసినవాణ్ని నేనే, ఆమెను పూడ్చిన గడ్డిలో ఒంటరిగా నిలబడి ఉన్నాను.