మెడపూస మీద గట్టు

ఒక మెడపూస బరువు ఏళ్లుగా మోస్తున్నాను. నా పేరు అడగకండి. హిందూపురంలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, అంతవరకు చాలు.

పరిశోధన చేసే రోజుల్లో గోదావరి లోయలో తవ్విన డైనోసార్ ఎముకలు మా ల్యాబ్‌కు వచ్చాయి. పొడవాటి మెడ ఉండే జంతువు. మెడపూస ఒకటి పక్కన పగిలిపోయింది. దాన్ని అతికించే పని నాది. లోటున్న చోట ప్లాస్టర్ నింపి, తెల్లగానే వదిలేయాలి. ఏది ఎముకో ఏది అతుకో చూసినవాళ్లకు తెలియాలి కదా. నేను వదల్లేదు. అందంగా కనబడాలని ఎముకకు అంటుకున్న రాతిపొడినే ప్లాస్టర్‌లో కలిపి ఎముక రంగు తెచ్చాను. నింపేటప్పుడు నా బొటనవేలు నొక్కిన చోటి పక్కన ప్లాస్టర్ చిన్న గట్టులా లేచింది. బాగానే ఉందిలే అనుకున్నాను.

మా సారు ఆ గట్టు చూశారు. తెలిసిన ఏ జాతికీ ఇలాంటిది లేదన్నారు. ఇది కొత్త జాతి, దీనికి కొత్త పేరు పెడదాం, పేపర్లో నీ పేరూ ఉంటుంది అన్నారు. అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఆయన భుజం తట్టారు, మూసుకున్నాను. భయపడ్డానా? లేదు. పెనుకొండ నుంచి వచ్చిన నాలాంటివాడి పేరు ఒక జంతువు పేరుతో పాటు అచ్చవుతుందన్న సంతోషంలో, అది తప్పని తెలిసి కూడా, తర్వాత చెప్పొచ్చులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఒప్పుకోనిది ఒక్క చౌడప్పే. నాతో పాటు పరిశోధన చేసేవాడు, ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటివాడు. మిగతా పూసలన్నీ పాత జాతివే అయినప్పుడు ఇదొక్కటీ వేరెలా అవుతుందని అందరి ముందూ వాదించాడు. వాడికి కుళ్లు అన్నారు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు.

"ఏమప్పా, ఆ గట్టు రాయిలోనే ఉండాదా, అతుకు పెట్టేటప్పుడు వచ్చిండాదా? నువ్వు చెప్తే నమ్ముతా."

"రాయిలోనే ఉండాది లేప్పా," అన్నాను.

మర్నాడు వాడు సారుకు క్షమాపణ చెప్పుకున్నాడు. పేపరు కొత్త జాతి పేరుతో అచ్చయింది, అందులో నా పేరూ ఉంది. ఆ ఏడాది తిరక్కుండానే చదువు మానేసి ఇంటికి వెళ్లిపోయాడు. మగ్గాలు చూసుకునేవాళ్లు లేకనే వెళ్లాడని అనుకున్నాను. ఎన్నిసార్లు అనుకున్నా నాకే నమ్మకం కుదరలేదు.

పోయిన నెల చెల్లెలి కూతురి పెళ్లిచీరలకని ధర్మవరం వెళ్తే, దుకాణంలో వాడే. కాఫీ తెప్పించాడు. నేను ఎంచిన చీర జరీ తడిమి చూసి, మళ్లీ ఒకసారి చూడమని భార్య చేతికిచ్చాడు. నన్ను చూపించి నవ్వుతూ ఆమెతో అన్నాడు: "నా కన్ను నేను నమ్మనని అంటుంటా కదే. అది తప్పింది ఈయప్ప ముందరే."

చీరల మూట తీసుకుని బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుపు ఆగలేదు.

చౌడప్పా, నీ కన్ను తప్పలేదు. ఆ గట్టు నేను పెట్టిన ప్లాస్టర్. ఆ జంతువు నువ్వన్న పాత జాతిదే. ఇది నీ ముఖం చూసి చెప్పాల్సిన మాట. ఇంకా చెప్పలేదు. చెప్పినా క్షమించమని అడిగే మొహం నాకు లేదు. కానీ ఇన్నేళ్లలో కాగితం మీద కూడా పెట్టని మాట ఈరోజు పెట్టాను.