మాసమ్మ గేటు వదిలిన పూట

చేతికి పీక్ పీక్‌మనే కర్ర వస్తే చాలామందికి కళ్ళు నెత్తికెక్కుతాయి. మాసమ్మకు ఎక్కలేదు. నెత్తి మీద పదిహేనేళ్ళు ఇటుకల తట్ట మోసిన మనిషికి ఇంక అక్కడ కళ్ళకు చోటెక్కడిది?

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ పోయే దారిలో, సందు తిరగ్గానే ఒక సర్కారు ఆఫీసుంది. ఏ శాఖదైతే మనకేం, కాగితాల మీద ముద్రలు వేస్తారు, అంతే. ఆ గేటులో ఆడవాళ్ళ సంచులు చూసే పని మాసమ్మది. చీర మీద నీలం చొక్కా, మెడలో విజిల్. పాలమూరు పల్లె నుంచి మొగుడు ఈదయ్యతో కూలికి వచ్చింది. అశోక్‌నగర్‌లో సర్కారు కొలువుల కోసం పిల్లలు చదువుకునే మేడలున్నాయి చూడండి, వాటిలో సగం ఆమె నెత్తి మీదుగానే పైకి లేచాయి. ఈదయ్య పరంజా మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక, తట్ట దించి ఈ మెటల్ డిటెక్టర్ కర్ర పట్టుకుంది. ఏడేళ్ళయింది.

చదువు రాదు. అయితే ఏం, చదువుకున్న వాళ్ళ సంచుల్లో ఏముంటుందో ఆమెకు తెలిసినంత వాళ్ళ అత్తలకు కూడా తెలియదు. ఎవరు డైటింగని చెప్పి మిర్చీబజ్జీలు తెచ్చుకుంటున్నారో, ఎవరు మొగుడితో పోట్లాడి డబ్బా లేకుండా వచ్చారో అన్నీ చూస్తుంది. చూసింది కడుపులోనే ఉంచుకుంటుంది. అదే ఆమె గొప్ప.

అలాంటి మనిషికీ ఒక మచ్చ పడింది. కాపలా సరిగ్గా ఉందో లేదో చూడటానికి పోలీసులు అప్పుడప్పుడు తమ మనిషినే మామూలు బట్టల్లో, ఉత్తుత్తి బాంబు డబ్బాతో లోపలికి పంపుతారు. గేటు వాళ్ళు దాన్ని దొంగపరీక్ష అంటారు. మొన్న ఎండాకాలంలో నిండు గర్భిణి వచ్చింది. మాసమ్మ తన కుర్చీ వేసి, నీళ్ళు తాగించి, చెయ్యి పట్టుకుని మరీ లోపలికి నడిపించింది. తీరా చూస్తే ఆ కడుపు దిండు. దిండులో డబ్బా.

"ఇంకోసారి తప్పినవంటే ఊరవతల గోదాముకు పంపుత" అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఉమాకాంత్.

గోదామంటే రెండు బస్సులు. ఈదయ్య తనంతట తాను పక్కకు ఒత్తిగిల్లలేడు. మాసమ్మ మధ్యాహ్నం పక్క బస్తీలోని ఇంటికి ఉరికి, ఆయన్ను తిప్పి, వీపు తుడిచి, ఇంత బువ్వ పెట్టి వస్తుంది. గోదాముకు పోతే పొద్దున పడుకోబెట్టిన మనిషి పొద్దుగూకేదాకా అట్లాగే ఉండాలి. పుండ్లు పడవూ? అందుకే ఆ రోజు నుంచి జాలిని ఇంట్లో తాళం వేసి రావాలని ఒట్టు పెట్టుకుంది.

ఒక సోమవారం పొద్దున, మగవాళ్ళను చూసే కానిస్టేబుల్ ఊరేగింపు బందోబస్తుకు పోయాడు. మాసమ్మ ఒక్కతే ఉంది. మెడలో ఆఫీసు కార్డు పట్టీ, భుజాన నల్ల సంచితో ఒక పిల్ల టకటకా వచ్చింది. "గుడ్ మార్నింగ్ అక్కా" అంది. ఆఫీసు పిల్లే అనుకుని మాసమ్మ దండం పెట్టి పంపింది.

ఆ వెనకే ఒక ముసలమ్మ, చంకలో మూటతో.

"ఎవరిని కలవాలె అవ్వా?"

"అద్దాల సారును బిడ్డా."

"ఈ ఆఫీసుల అందరికీ అద్దాలే. పేరేంది?"

"నా పేరా? కిష్టమ్మ. మనవరాలికి హాస్టల్ల సీటు కావాల్నంటే కాగితం తెమ్మన్నరు."

మాసమ్మకు అనుమానం తగిలింది. గుర్తింపు కార్డు లేదు, సారు పేరు తెలియదు, మూటకేమో ఐదు ముళ్ళు. ఈసారి ముసలి వేషం వేశారన్నమాట.

"విప్పు. ఇన్ని ముళ్ళెందుకేసినవ్?"

"బస్సుల జారిపడితే నువ్వొచ్చి ఏరుతవా?"

కాగితాలు, తువ్వాల, జొన్నరొట్టెలు బయటపడ్డాయి.

"రొట్టె తుంచు."

"రొట్టెల ఏముంటది? జొన్నలుంటయ్."

"తుంచమన్న గద!"

కిష్టమ్మ తుంచింది. నోరు మాత్రం ఊరుకోలేదు. "నా ముంగట పోయిన పిల్ల సంచి గంత లావున్నది. మెడల పట్టీ చూసి దండం పెడితివి. నా మెడల పుస్తెలతాడు సుత లేకపాయె, అందుకేనా రొట్టెలు గూడ తుంచబెడుతున్నవ్?"

చెంప మీద కొట్టినట్టయింది మాసమ్మకు. ఆ పిల్ల మెడలో పట్టీ ఉంది, నిజమే. పట్టీకి వేలాడే కార్డు తిరగేసి ఉంది. ఆ ముఖం ఈ ఏడేళ్ళలో ఒక్కనాడూ చూసింది కాదు.

"అవ్వా, నేనొచ్చేదాక ఒక్కర్ని పోనియ్యకు!" అని కర్ర ముసలమ్మ చేతిలో కుక్కి ఉరికింది.

మూడో అంతస్తు మెట్ల మీద దొరకబట్టింది. "ఏ సెక్షను నువ్వు? సంచి తెరువ్!"

"అక్కా, నేను స్టాఫ్..."

"స్టాఫైతే కార్డు తిప్పు."

పిల్ల నవ్వేసి సంచి తెరిచింది. ఎర్ర టేపు చుట్టిన డబ్బా. ఆ పిల్ల కొత్త కానిస్టేబుల్ శ్రీదివ్యట. మెట్ల పైన గడియారం చూసుకుంటూ ఉమాకాంత్ నిలబడి ఉన్నాడు.

"డబ్బా లోపల పెట్టకముందే పట్టుకున్నవ్, మంచిదే. గేటు ఎవరికిచ్చి వచ్చినవ్?"

మాసమ్మ గబుక్కున మెట్ల కిందికి చూసింది.

"ఒక్క డబ్బా కోసం నువ్వు పైకొస్తే కింద ఇంకో పది లోపటికొస్తయ్. గేటు ఖాళీగ వదులుడు ఇంక పెద్ద తప్పు. నడువ్ చూద్దాం."

ఇటుకలతో ఎక్కినప్పుడు కూడా అంత బరువు లేని కాళ్ళు, దిగుతుంటే ముందుకు పడలేదు.

కింద గేటు బయట ఇరవైమంది నిలబడి ఉన్నారు. గేటు మధ్యలో కుర్చీ వేసుకుని, కర్ర అడ్డం పెట్టి కిష్టమ్మ కూర్చుంది. అందరికన్నా ముందు, చెమటలు కక్కుతూ సూపరింటెండెంట్ విద్యాసాగర్.

"అమ్మా, నేను ఈ ఆఫీసు సూపరింటెండెంట్‌ను!"

"అయితే అయినవ్ గని బిడ్డా. ఆమె వచ్చి నీ సంచి చూస్తది, అప్పుడు పో."

"ఎంతసేపు?"

"నా రొట్టె తుంచినంతసేపు పడుతది. నిలబడు."

ఉమాకాంత్ గేటు దాటబోతే ఆయన కడుపుకూ కర్ర తగిలింది. "బయటికి పోతే మళ్ళ లైన్ల నిలబడాలె, సోచాయించుకో!"

"ఒక్కరన్న పోయిన్రా అవ్వా?" అడిగాడాయన.

"పిల్లి పోయింది. దాన్ని గూడ ఆపాల్నా?"

 ఉమాకాంత్ నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకున్నాడు.

"సారూ, గోదామా గేటా? జర చెప్పుర్రి. మా ఇంటాయన ఎదురుచూస్తుంటడు" అంది మాసమ్మ.

"ఈడనే ఉండి ముందు ఆ లైను సంగతి చూడు. సూపరింటెండెంటు గారి సంచితోనే మొదలుపెట్టు" అని పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

అద్దాల సారు రాలేదు, మధ్యాహ్నం రమ్మన్నారు. కానిస్టేబుల్ తిరిగొచ్చాక గేటు అతనికి అప్పజెప్పి, మాసమ్మ కిష్టమ్మను బువ్వకు బస్తీకి తీసుకుపోయింది. ఈదయ్యను పక్కకు తిప్పుతూ దొంగపరీక్ష మళ్ళీ వచ్చిందంటే "ఎట్లయింది?" అన్నాడాయన.

"ఈడనే ఉండమన్నరు."

"ఉండమనరా మరి! గేటు కాసింది నేను" అంటూ కిష్టమ్మ గోడకు చేరగిలబడి, పిల్లితో మొదలుపెట్టింది. కథ సూపరింటెండెంటు దగ్గరికి రాకముందే ఈదయ్య ఇంక నవ్వలేక చెయ్యి ఊపాడు.

"జర ఆగు అవ్వా, నడుం గుంజుతున్నది!"