ఎడమచేతి వెల్డింగ్

నల్లగొండ నుంచి మోత్కూర్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ముసలి మెకానిక్ ఒళ్లో కొత్త బోల్టుల సంచి ఉంది. ఎవరిదో పాత మిలిటరీ జీపు బాగుచేస్తున్నాడట.

“నిన్న ఛాసీ మీదినుంచి బాడీ లేపుదామంటే కదల్లేదు సార్. బోల్టులు ఉండాల్సిన జాగాల ఎవడో వెల్డింగ్ కొట్టిండు. మస్తు తిట్టిన. జర దగ్గరికి పోయి చూస్తే అతుకు గీతలన్ని ఎడమచేతి వాటమోడు కొట్టినట్టు వాలినయి. అది నా ఎడమచేతి పనే! పడుచుతనంల తొందరపడి కొట్టిన. ‘రేపు విప్పెటోడు నిన్ను తిడతడురా’ అని నాకు పని నేర్పిన ఉస్తాద్ అప్పుడే అన్నడు. గాయన బతికుంటే ఎంత నవ్వుతుండెనో.”

సంచిలోంచి ఒక బోల్టు తీసి, దాని మర చుట్లను బొటనవేలితో తడిమాడు. “ఈసారి గ్రీజు పెట్టి బిగిస్త. ఎప్పటికన్న ఎవరన్న సులువుగ విప్పుకుంటరు.”

ఆయన పేరు అడగలేదు. ఇప్పటికీ ఏ మూట కట్టినా, ముడి బిగించబోయి కాస్త ఆగుతాను.