పిల్లల్ని పిలవని డైనా

“మబ్బు దిగితే? పిల్ల దారి తప్పితే? ఆ పక్కనే లోయ కదా డైనా, కాలు జారితే?”

ఊపిరి తీసుకోకుండా మూడూ అడిగేశాను. డైనా గాస్కార్త్ తను నడిపే స్కూలు బస్సు మెట్టు మీద కూర్చుని బూటుకి పట్టిన బురద పుల్లతో గీకుతోంది. తల ఎత్తలేదు.

“జారుతుంది. అందుకే కదా జారడం నేర్పుతున్నా. నీ పిల్లని పంపు. నువ్వు మాత్రం రాకు,” అంది.

మా లోయలో చాలామంది ఆమె బస్సులోనే చదువుకోడానికి వెళ్ళారు. గురువారం సాయంత్రం చివరి పిల్లని దింపేశాక, పాత పలకరాయి గని దగ్గర బస్సు ఆపి, కొండ పరుగు నేర్చుకోవాలనుకున్న పిల్లల్ని పోగేసేది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. తను పరిగెత్తగా నేను చూడలేదు. ఎడమ కాలు ఈడుస్తూ నడిచేది. ఏమైందని అడిగితే “గొర్రె తన్నింది” అనేది.

ముందు నేర్పేది పరుగు కాదు. పిల్లలు వాగులో చేతులు ముంచాలి. వేళ్ళు కొయ్యబారిపోయాక జాకెట్ తొడుక్కుని, జిప్ గడ్డం దాకా లాక్కోవాలి. పెద్దవాళ్ళు సాయం చేస్తే మళ్ళీ ముంచాలి. మా ఎఫీ వణుకుతుంటే చూడలేక ఒకసారి జిప్ లాగాను. “పాపం, ఎఫీ, మీ అమ్మ నిన్ను ఓడించింది. ముంచు మళ్ళీ,” అంది డైనా. నా కూతురు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

తర్వాత గోడ. మా కొండకి అడుగు నుంచి శిఖరం దాకా సున్నం లేని రాతిగోడ ఒకటి ఉంది. “ఏమీ కనబడకపోతే గోడ దగ్గరికి పో. దాన్ని తడుముకుంటూ దిగు. రాజుగారు వచ్చి పిలిచినా గోడ వదలకు,” అని చెప్పేది. పిల్లలు పాటలా అప్పజెప్పేవాళ్ళు. ఆపదలో ఊదమని ప్రతి పిల్ల మెడలో ఒక విజిల్ కట్టేది.

ఆగస్టు చివర మా ఊరి సంబరం. ఒకవైపు కుస్తీలు, ఒకవైపు గొర్రెల పోటీ, మధ్యలో పిల్లల కొండ పరుగు. ఎఫీకి అదే మొదటి పందెం. మొదలుపెట్టే ముందు డైనా కొండ వైపు చాలాసేపు చూసింది. శిఖరం మీద బూడిదరంగు మబ్బు టోపీలా కూర్చుంది. “వీళ్ళు దిగొచ్చేదాకా ఆగుతుందిలే,” అంది.

ఆగలేదు. పిల్లలు గోడ వెంట, తొడల దాకా బురదతో, పొగమంచులోంచి ఒక్కొక్కరే ఊడిపడ్డారు. అందరూ వచ్చారు. ఎఫీ రాలేదు.

“బూటు బురదలో దిగబడింది. వెతుక్కుంటా, మీరు పొండి అంది,” అన్నాడు చివరగా వచ్చిన పిల్లవాడు.

“తప్పు నాది. ఆపాల్సింది,” అంటూనే డైనా గోడ పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. గొర్రెలు కాసే విల్ఫ్ మౌన్సీ కుక్కతో వెంటపడ్డాడు. నేను గోడ దగ్గరికి పోలేదు. వాగు పక్క దారి దగ్గరని అటు పరిగెత్తాను.

“ఎఫీ! అమ్మ ఇక్కడుంది! ఇటు రా, ఎఫీ!”

నేను సరస్సు నీళ్ళని పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. గాలికి శబ్దం వంగుతుందని, కొండకి తగిలి వేరే దిక్కునుంచి వినబడుతుందని చదువుకున్నాను. ఆ క్షణంలో అవేవీ గుర్తు రాలేదు. గొంతు చిరిగేలా అరిచాను.

వెనకనుంచి ఒక అరచెయ్యి నా నోరు మూసింది. డైనా. గోడ దగ్గర్నుంచి ఆ కాలితో అంత వేగంగా ఎలా వచ్చిందో. వెనకే విల్ఫ్, అతని కుక్క.

“పిలిచి పిల్లని చంపుకుంటావా?”

ఆ చెయ్యి లాగేశాను. “వదలండి! అది నా కూతురు!”

“నేనూ మా అమ్మకి కూతుర్నే. ఇలాగే పిలిచింది. గోడ వదిలేసి ఆ గొంతు వైపు అడ్డంగా వచ్చాను, వచ్చి వాగులో పడ్డాను. ఈ కాలు గొర్రె తన్నింది కాదు.”

అప్పుడే విజిల్ వినబడింది. సన్నగా, కింద ఎడమవైపు నుంచి. గోడ ఉన్నది కుడివైపు.

ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. నా గొంతు విని ఎఫీ గోడ వదిలేసింది. “వాగు లోయలోకి దూకే అంచున ఉంది,” అన్నాడు విల్ఫ్, మెల్లగా. డైనాకి ఏదో తెలిసే ఉంటుందని ఆమె వైపు తిరిగాను. ఆమెకీ తెలియదు. ఆ కాసేపు నేను పడిన భయానికి పేరు లేదు.

“ఒక్క మాట అను,” అంది చివరికి. “కూర్చోమను. పేరు వద్దు, పేరు వింటే లేచి వస్తుంది.”

“కూర్చో!”

విల్ఫ్ కుక్క తడి గడ్డి మీద చతికిలబడింది. “నువ్వు కాదే తల్లీ,” అని గొణిగాడు. ఎవరం నవ్వలేదు. మళ్ళీ విజిల్. అదే చోటు. మరోసారి. అదే చోటు.

విల్ఫ్ కర్రతో నేల తడుముకుంటూ పొగమంచులో కలిసిపోయాడు. డైనా నా చెయ్యి పట్టుకుంది. నా ప్రతి ఊపిరీ ఎఫీ పేరై బయటికి రాబోతోంది. జాకెట్ చెయ్యి నోట్లో కుక్కుకుని కొరికాను. పిల్ల అంచున కూర్చుని ఉంటే తల్లి మౌనంగా నిలబడటమంత కష్టమైన పని నేనెన్నడూ చేయలేదు. విజిల్ ఆగిపోయింది. ఎందుకాగిందో తెలియదు.

“దొరికింది!” విల్ఫ్ గొంతు. “ఒక బూటు తక్కువ. మిగతాదంతా ఉంది.”

ఎఫీ అతని వీపు మీద వచ్చింది, జిప్ గడ్డం దాకా పెట్టుకుని. “అమ్మా, ఒకసారి రా అంటావు, ఒకసారి కూర్చో అంటావు. ఏదో ఒకటి చెప్పు,” అంది.

సంబరం గుడారంలో వేడివేడి మాంసం, బంగాళదుంపల కూర పెట్టారు. డైనా తన గిన్నె పక్కకి తోసేసింది. “ఇంక మానేస్తాను. ఈ చేతులకి పిల్లల్ని అప్పగించకండి,” అంది. నేను ఓదార్చలేదు. ఎఫీని పంపనని నేనూ అనుకున్నాను.

బడి తెరిచాక మొదటి గురువారం వచ్చేసరికి ఎఫీ కొత్త బూట్లతో బస్సు దిగకుండా కూర్చుంది. డైనా గని దగ్గరే బస్సు ఆపింది.

“మానేస్తానన్నారుగా?” అన్నాను, బస్సు వెనకే వచ్చి.

“మానేస్తే ఈ పిల్లలు చెప్పకుండా కొండెక్కుతారు. అప్పుడు గోడ ఎవరు గుర్తుచేస్తారు?”

నా భయం పోలేదు. పందెం ముందు రాత్రి నిద్ర పట్టదు. పోటీల్లో దారి పక్కన తల్లిదండ్రులు “ఇటు, ఇటు!” అని అరుస్తుంటే నేను గేటు దగ్గర పళ్ళు బిగించి నిలబడతాను. ఆ రోజు బస్సు తలుపు మూస్తూ డైనా అన్న మాటే పట్టుకుని ఉంటాను:

“కొండ మీద పిల్లని నీ దగ్గరికి రమ్మనకు. ఉన్నచోట ఉండమను. వెళ్ళాల్సింది నువ్వు.”