ఆది జాకెట్

నాకు అనుమానం ఎక్కువ. మా అమ్మ అంటది, "నువ్వు పుట్టంగనే మంత్రసానిని కూడ అనుమానంగ చూసినవే" అని. అది అబద్ధమే, కానీ విన్నోళ్లందరు నమ్ముతరు. బస్సుల పక్కసీటామె బ్యాగు దగ్గరికి గుంజుకుంటే నన్ను దొంగ అనుకుంటున్నదని డౌటు. బట్టల షాపుల సేల్స్‌మన్ "మీకు మస్తుంటది మేడమ్" అంటే, ఆ చీర ఎన్నేండ్ల సంది అమ్ముడు పోతలేదో అని డౌటు.

ఇంక ఒంటి సంగతి వచ్చిందంటే అనుమానం డబుల్. నేను పొట్టి. నడుము కింద వెడల్పు, మెడ కురచ. రెడీమేడ్ కుర్తా భుజాల కాడ సరిపోతే నడుము కాడ ఆగిపోతది. నడుము కాడ దిగితే భుజాలు జారుతయి. 'ఫ్రీ సైజ్' అని రాసి అమ్మేటోళ్లు ఎవరిని కొలిచి రాసిన్రో, ఆమెను ఒక్కసారి కండ్లార చూడాలని ఉన్నది నాకు. అందుకే పీహెచ్‌డీల చేరి హాస్టల్‌కు వచ్చిన నాటి సంది అన్నీ కుట్టించుకునుడే.

కుట్టేది తార్నాకల ఒక సందుల ఉండే అక్క. మౌలాలి నుంచి పొద్దుగాల బస్సెక్కి వచ్చి షటర్ లేపుతది. నోట్ల ఎప్పుడు రెండు గుండుసూదులు పట్టుకుంటది కాబట్టి మాట తక్కువ. కొత్త జాకెట్ కుట్టాలంటే ఒంటికి బరాబర్ సరిపోయిన పాతదొకటి ఇచ్చిరావాలె. అదే ఆది జాకెట్. దాన్ని చూసి కొత్తది కత్తిరిస్తరు. నా ఆది జాకెట్ కూడ ఆ అక్క కుట్టిందే. మూడేండ్లు ఏ ఫికర్ లేకుండ నడిచింది.

పోయినేడు ఒక డిగ్రీ కాలేజీల లెక్చరర్ పోస్టుకు ఇంటర్వ్యూ వచ్చింది. ఆ టైముల అక్క "రేపు రా బిడ్డా" అని మూడుసార్లు తిప్పింది. నాకు డౌటు కొట్టింది. ఎవరో పెండ్లోళ్ల బట్టలు దొరికినయి, నన్ను పక్కకు పెట్టింది అనుకున్న. కోపానికొచ్చి ఆది జాకెట్, కొత్త బట్ట రెండు గుంజుకొని నల్లకుంటల అద్దాల తలుపులున్న పెద్ద టైలర్ షాపుకు పోయిన. అక్కడి మాస్టర్ నా ఆది జాకెట్‌ను నిలువున సగానికి మడతపెట్టి, కుడి దిక్కు పైకి పెట్టి, టేపు తోటి టకటక కొలుచుకున్నడు. చెప్పిన రోజుకు ఇచ్చిండు. ఆహా, పనంటే గిట్లుండాలె అనుకున్న.

ఇంటర్వ్యూల కూసున్న ఐదు నిమిషాలకు ఎడమ భుజం కాడ జాకెట్ జారుడు షురువైంది. గుంజుకున్న. మళ్ల జారింది. పైట సర్దినట్టు చేసి మళ్ల గుంజుకున్న. వాళ్లు అడిగింది నా సొంత థీసిస్ గురించి, రైతుబజార్ల గురించి. మా నాయన కూరగాయల గంపలు పెట్టుకొని కూసుంటే పక్కన కూసోని పెరిగినదాన్ని. ఒక్క మాట పూర్తిగ చెప్పలేకపోయిన. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా కథ. బోర్డుల ఒక మేడం "ఏమన్న ఇబ్బందిగ ఉన్నదా అమ్మా?" అని అడిగింది. లేదన్న. ఆ ఉద్యోగం రాలె.

ఈ ఏడు ఇంకో కాలేజీల పోస్టు పడ్డది. ఒక్కటంటే ఒక్కటే. నేను అప్లై చేసిన, నా రూమ్మేట్ కూడ అప్లై చేసింది.

రూమ్మేట్ కడప దిక్కు పిల్ల. నా సబ్జెక్టే. నాకు ఎంత పొడుగు తక్కువైందో అంతా దానికే పోయింది. ఏ చీర కట్టినా మడిమెల పైకే ఉంటది. అందుకని ఎప్పుడు జర్ర వంగి నడుస్తది. నోరు మంచిదే. కానీ పోస్టు పడ్డ నాటి సంది నా బట్టల మీద దాని ప్రేమ పెరిగింది. ఫోన్ల వీడియోలు పంపుడు, ఏ ఒంటికి ఏ కట్టు అని. మీది ఏ పండు ఆకారమో ముందుగాల తేల్చుకోవాల్నంట. నాది జామకాయ అని తేల్చింది.

"సన్నంచు చీర కట్టుకో మే" అన్నది ఒకనాడు. "పెద్దంచు నిన్ను అడ్డంగా కోసేస్తాది. కుచ్చిళ్లు సన్నగా పెట్టుకో, పైట పొడుగ్గా ఇడువు. మెడ కొంచెం కిందికి కుట్టించుకో, అప్పుడు మెడ ఉండాదని తెలుస్తాది."

"నీకెందుకే నా మెడ?" అన్న.

ఒక్క పోస్టుకు ఇద్దరం నిలబడ్డప్పుడు ఈమెకు నా పొడుగు తోటి ఏం పని? అది స్నానానికి పోయినప్పుడు తలుపు గడియ పెట్టి, సన్నంచు చీర ఒకటి అది చెప్పినట్టే కట్టి చూసిన. అద్దంల నేను రెండంగుళాలు పెరిగిన. అప్పుడు అనుమానం ఇంకా ముదిరింది. నిజం చెప్తున్నదంటే ఇంకేదో పెద్దది దాస్తున్నదన్నట్టే కదా!

అనుమానపడ్డట్టే అయింది. ఇంటర్వ్యూకు వారం ముందు బస్సుల తార్నాక దాటుతుంటే కిటికీల నుంచి కనబడ్డది. అక్క షాపుల స్టూల్ మీద నా రూమ్మేట్ కూసున్నది. అక్క చేతుల నా జాకెట్, నేను మళ్ల ఆమె దగ్గరికే పోయి మొన్ననే కుట్టమని ఇచ్చిన నీలం బట్టది. ఇద్దరు తలకాయలు దగ్గర పెట్టి మాట్లాడుతున్నరు. అక్క నోట్ల గుండుసూదులు కూడ లేవు. నాతోని నాలుగేండ్లల్ల అన్ని మాటలు మాట్లాడలె ఆమె.

ఆ సాయంత్రం మామూలుగ అడిగిన, "ఇయ్యాల ఎటు పోయినవే?"

"లైబ్రరీకి మే" అన్నది, నా మొకం చూడకుండ.

మూడోనాడు జాకెట్ తెచ్చుకున్న. రూముల ఎవ్వరు లేనప్పుడు మంచం మీద పరిచి స్కేలు పెట్టి కొలిచిన. కుడి భుజం ఒక లెక్క ఉన్నది, ఎడమ భుజం ఒక లెక్క ఉన్నది. ఎడమది ఏలెడు తక్కువ. తిప్పి చూస్తే ఎడమ దిక్కు లైనింగ్ లోపల ఏదో మందంగ తగిలింది. బ్లేడుతోటి రెండు కుట్లు ఇప్పితే లోపల మడత పెట్టిన గుడ్డ! నా నెత్తురు ఉడికింది. పోయినసారి జారింది ఎడమ భుజమే. ఈసారి ఏకంగ లోపల గుడ్డలు పెట్టిచ్చి, బోర్డు ముంగట గూని దాన్ని చేసి కూసోబెడదామనుకున్నదా? జాకెట్ సంచిల కుక్కుకొని తార్నాకకు పోయిన.

"ఏందక్కా ఇది?" అని మిషన్ మీద కొట్టిన. "రెండు భుజాలు రెండు తీర్ల కుడుతరా? ఎవరు చెప్పిన్రు నీకు ఇట్ల కుట్టమని? నాకు తెల్వదనుకుంటున్నవా?"

షాపుల ఉన్న ఇంకొకామె బయటికి జారుకున్నది. అక్క నోట్లకెల్లి సూదులు తీసి డబ్బాల పెట్టింది.

"సమానంగ చెయ్యమంటవా?"

"సమానంగ చెయ్యి. నా ముంగటనే చెయ్యి."

"నీ ఇష్టం బిడ్డా" అన్నది. కుట్లిప్పింది, గుడ్డ తీసింది, ఎడమ దిక్కు మడత వదిలి కుడి దిక్కుకు సరి చేసింది. గెలిచిన అనుకున్న.

హాస్టల్‌కు వచ్చి తొడుక్కొని అద్దం ముంగట నిలబడ్డ. పైట ఏసుకున్న. కూసున్న, లేసిన. ఎడమ భుజం జారింది. పైట తీసి, ఊపిరి బిగబట్టి, చేతులు రెండు కిందికి ఇడిచి అద్దంల సూటిగ చూసిన. ఇరవై తొమ్మిదేండ్ల సంది చూస్తున్న ఒళ్లే. ఎడమ భుజం కుడి భుజం కంటే కిందికున్నది.

మంచం మీద కూలబడ్డ. ఆది జాకెట్ల కూడ ఎడమ భుజం తక్కువే ఉంటది, కుట్టింది అక్కనే. నల్లకుంట మాస్టర్ దాన్ని సగానికి మడిచి, మంచి దిక్కు ఒక్కటే కొలిచి, రెండు దిక్కుల అదే కత్తిరించిండు. తప్పు ఆయనది కాదు. నన్ను సగమే చూసిండు పాపం.

మళ్ల తార్నాక. ఈసారి మెల్లగ పోయి మిషన్ కాడ నిలబడ్డ. అక్క నా మొకం చూసి, హుక్కులు పెట్టుకునే డబ్బా మూత తీసింది. పొద్దున తీసిన గుడ్డముక్క అందుల మడత మీదనే ఉన్నది.

"వస్తవని ఎరుకే" అన్నది.

"నాలుగేండ్ల సంది నాకెందుకు చెప్పలె అక్కా?"

"చెప్తే ఏం చేస్తవ్? అద్దంల మొకం చూసుకునుడు బంజేసి భుజం చూసుకుంటవ్. కుట్టేది నా పని. నీకెందుకు ఫికరు?" దారం ఎక్కిస్తూ అన్నది, "ఆ పొడుగు పిల్ల కూడ నీ భుజం సంగతే అడిగింది. పోయినసారి ఇంటర్వ్యూ అయినంక బస్సుల జాకెట్ గుంజుకుంట గుంజుకుంట వచ్చినవట. ఈసారి గట్టిగ చూడక్కా, నేను చెప్తే అనుమానపడతాది, నేనొచ్చినట్టు చెప్పొద్దు అని బతిమాలింది."

నాకు సిగ్గయింది. ఎంత సిగ్గంటే, స్టూల్ మీద కూసొని నా చెప్పుల దిక్కే చూసుకుంట ఉన్న, ఆమె కుట్టుడు అయిపోయేదాక.

బస్టాప్‌ల నిలబడి అమ్మకు ఫోన్ చేసిన. "అమ్మా, నా ఎడమ భుజం కిందికున్నదా?"

"ఎవరు చెప్పిన్రే?" అన్నది అమ్మ.

"అయితే నీకెరుకనా?"

"పుట్టిన సంది గంతే బిడ్డా. జర్రంత. ఎవ్వరికి కానరాదు."

అప్పుడు గుర్తుకొచ్చినయి ఒక్కొక్కటి. అమ్మ బడి సంచి ఎప్పుడు నా కుడి భుజానికే తగిలించేది. లంగావోణి కడితే ఎడమ దిక్కు రెండు పిన్నులు పెట్టేది, "నువ్వు కుదురుగ ఉండవు" అని తిట్టుకుంట. నేను నిజంగనే కుదురుగ ఉండననుకున్న ఇన్నేండ్లు! చిన్నప్పటి సంది అందరు నా ఎనుక ఏదో చేస్తున్నరని నా అనుమానం. చేసిన్రు మరి. అమ్మ, అక్క, ఆ కడప పిల్ల, ముగ్గురు ఒక్కటై చేసిన్రు.

రూమ్మేట్‌కు మాత్రం ఏం చెప్పలె. అది లైబ్రరీకి పోయిందనే ఉంచిన.

ఇంటర్వ్యూనాడు ముందుగాల నన్నే పిలిచిన్రు. నీలం జాకెట్, సన్నంచు చీర. రైతుబజార్ల గురించి అడిగిన్రు. ఎండకాలం ఆకుకూర మీద నీళ్లు చల్లుకుంట మా నాయన పొద్దంత ఎట్ల కాపాడుతడో అక్కడి నుంచి మొదలు పెట్టిన. ఒక సారు రాసుకునుడు ఆపి విన్నడు. బయటికొచ్చినంక గాని యాదికి రాలె, నా చెయ్యి ఒక్కసారి కూడ భుజం మీదికి పోలేదని.

తర్వాత దాని పేరు పిలిచిన్రు. లేసి నిలబడ్డది. చీర మళ్ల మడిమెల పైకున్నది. అది కనబడొద్దని మోకాళ్లు వంచి, వీపు వంచి నిలబడ్డది. ఒక్కటే పోస్టు. నేను మంచిగ చెప్పొచ్చిన. ఊకె కూసుంటే ఏమయితది? ఒక్క నిమిషం, ఒట్టు, నిజంగనే ఆలోచించిన.

తర్వాత దాని ముంగట కింద కూసొని కుచ్చిళ్లు ఒక్కొక్కటి పట్టుకొని కిందికి గుంజిన.

"ఏంది మే?" అన్నది.

"దారం ఏలాడుతున్నది. కదలకు. నిటారుగ నిలబడు, లేకుంటే తెగది."

నిటారుగ నిలబడ్డది. అంచు మడిమెలు కప్పింది. అట్లనే లోపలికి పోయింది.

పోస్టు దానికే వచ్చింది. నాకు బాధ కాలేదంటే అబద్ధం. బాత్రూంల నల్లా తిప్పుకొని ఏడ్చిన. నా చేతులతోని నేనే గుంజి పంపిస్తినే అని నన్ను నేనే తిట్టుకున్న. రెండు రోజులు దానితోని సరిగ మాట్లాడలె.

హాస్టల్ ఖాళీ చేసేనాడు అది పెట్టె సర్దుకుంటుంటే నేను మంచం మీద కూసోని చూస్తున్న. చీరలు మడతపెట్టుకుంట, తల ఎత్తకుండ అడిగింది.

"ఆ పొద్దు నా చీరకు దారమేం లేదు గదా మే?"

"లేదు" అన్న. "నువ్వు పోయింది లైబ్రరీకి కాదు కదా?"

"కాదు" అన్నది.