ఐఫెల్ కోటలో ఒక పిలుపు

నాకు కోటలంటే పడదు. రాజులు పోయారు, రాళ్ళు మిగిలాయి, ఆ రాళ్ళెక్కి మోకాళ్ళు అరగదీసుకోవడం దేనికని నా వాదన. మా మామయ్యగారికి మాత్రం అవంటే ప్రాణం. ఇరిగేషన్ శాఖలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ కొండవీడనీ, గండికోటనీ, ఉదయగిరనీ కాళ్ళరిగేలా తిరిగిన మనిషి. రిటైరై మోరిస్‌విల్‌లో మా ఇంటికొచ్చాక ఆయన చేసిన మొదటి ఫిర్యాదు, ఈ అమెరికాలో ఇన్ని రోడ్లుండి ఒక్క బురుజైనా లేదేమిటని.

అందుకని, మా ఆయన్ని ఆఫీసువాళ్ళు జర్మనీలో క్లయింట్ దగ్గరికి పంపిస్తున్నారని తెలియగానే, తను అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్దామన్నాడు. నేను వద్దన్నాను. వద్దన్నది కోటల మీద అయిష్టంతో కాదు, భయంతో. ఆ వసంతంలో ఒకరోజు మామయ్యగారు వాకింగ్‌కి వెళ్ళి, మా వరసలోనే వేరే ఇంటి తలుపుకి మా తాళంచెవి పెట్టి తిప్పుతూ కనిపించారు. ఆ ఇంటి తమిళావిడ నవ్వుతూ తీసుకొచ్చి దిగబెట్టింది. మా ఆయనా నవ్వేశాడు. ఇక్కడ టౌన్‌హోమ్‌లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, అప్పుడప్పుడు నేనే తప్పిపోతుంటానన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ వెళ్ళిపోయాక మామయ్యగారు మా సోఫాలో కూర్చుని, గొంతు తగ్గించి, "ఇది ఎవరిల్లమ్మా?" అని నన్నడిగారు.

ఆ మాట మా ఆయనకి చెప్తే, నీకు తాడు కనిపించినా పామేనన్నాడు. అత్తయ్యగారిని కదిపితే, వయసొచ్చాక మరుపు రాదా అని పోపులడబ్బా సర్దుకోవడంలో పడిపోయారు. ఇద్దరూ ఒకటైపోతే కోడలి మాట ఎవరు వింటారు? మూటాముల్లె సర్దుకుని బయల్దేరాం.

మేము దిగింది ఐఫెల్ అనే కొండప్రాంతంలో ఒక చిన్న ఊరు. మా ఆయన పొద్దున్నే క్లయింట్ ఆఫీసుకి వెళ్ళిపోయేవాడు. అద్దె కారులో అత్తయ్యగారినీ మామయ్యగారినీ తిప్పడం నా పని. అక్కడ కొండకొక కోట. మామయ్యగారి ముఖం చూడాలి! జర్మన్లు కోటని బుర్గ్ అంటారని తెలిసి, "చూశావా, మన బురుజునే ఎత్తుకొచ్చి బుర్గ్ చేసుకున్నారు" అని తేల్చేశారు. కందకం ఎక్కడుండేదో, నీళ్ళు ఎటునుంచి మళ్ళించారో చెయ్యి చాపి చూపించేవారు. ఆయన అంత తెలివిగా మాట్లాడుతుంటే నాకు సిగ్గేసేది. నాదే పాడు బుద్ధేమో, లేనిపోని జబ్బు అంటగట్టానేమో అనుకున్నాను. రాత్రిళ్ళు కాస్త నిద్ర కూడా పట్టింది.

వెళ్ళిపోయే ముందు చివరగా చూసిన కోట పూర్తిగా శిథిలం. కప్పు లేదు. గోడల నిండా నాచు, కిటికీలుండాల్సిన చోట ఆకాశం. వెనకవైపు కొండ నిలువునా తెగిపోయి, అడుగున ఎక్కడో ఏరు చప్పుడు. గేటు దగ్గర టికెట్లమ్మే పెద్దావిడ తప్ప మనుషులు పెద్దగా లేరు. మబ్బు పట్టి, పగలే దీపాలు పెట్టుకునేంత చీకటిగా ఉంది. చెరసాల చూడ్డానికి కిందికి మెట్లున్నాయి. అత్తయ్యగారికి మోకాళ్ళు సహకరించవు కాబట్టి ఆవిడ చెయ్యి పట్టుకుని దింపుతున్నాను. మామయ్యగారు మా వెనకే వస్తున్నారనుకున్నాం. చెరసాలంటే బావిలాంటి గొయ్యి, దాని మీద ఇనపచట్రం. చూసి వెనక్కి తిరిగితే మామయ్యగారు లేరు.

పైకొచ్చి చూస్తే అక్కడా లేరు. "మామయ్యగారూ" అని పిలిచాను. అత్తయ్యగారు "ఏమండీ" అని పిలిచారు. వెనకవైపు ఆ లోయ గుర్తొచ్చి నా పై ప్రాణాలు పైనే పోయాయి. కాలు జారిందేమో అన్న ఆలోచన ఒకసారి వచ్చాక ఇక పోదు. ఆయనకేమన్నా అయితే మా ఆయనకి ఏ ముఖం పెట్టుకుని చెప్పను? నాకొచ్చిన భయం తనకి ముందే రాలేదని మా ఆయన మీద కోపం కూడా వచ్చింది, ఆ సమయంలో ఏం చేసుకోను ఆ కోపాన్ని!

టికెట్లావిడ పరుగున వచ్చింది. నా బ్యాగులో ఉన్న మామయ్యగారి పాస్‌పోర్టు తీసి చూపించాను. సర్‌నేమ్ దగ్గర వేలు పెట్టి చదువుకుని, ముందు మన శ్రీలాంటి హెర్ తగిలించి, గట్టిగా కేకేసింది. నడకకొచ్చిన ఒక జంట కూడా తోడైంది. ముగ్గురూ మూడు వైపులకి వెళ్ళి అదే కేక. కాసేపటికి ఆ గోడలన్నీ మా ఇంటిపేరే పలుకుతున్నాయి.

మొదట కొండంత ధైర్యం వచ్చింది. తర్వాత వెలిగింది. వాళ్ళు పిలుస్తున్నది మనిషిని కాదు, ఇంటిని! మనలో ఇంటిపేరు పెట్టి మనిషినెవరు పిలుస్తారు? అది శుభలేఖలకీ, పాస్‌పోర్టులకీ. పుట్టిన దగ్గర్నుంచీ ఆయన్ని ఎవరూ అలా పిలిచుండరు. ఇక ఈ జర్మన్ యాసలో వింటే అది తనదని ఎలా తెలుస్తుంది? అసలు పేరు ఇదీ అని చెప్పాను. అందులో ఒక ళ ఉంది. ఆవిడ రెండుసార్లు ప్రయత్నించి, నిస్సహాయంగా నా వంక చూసింది. నేనే చివర గారూ తగిలించి అరిచాను. మామగారి పేరు నా నోట రావడం అదే మొదలు.

ఇంతలో ఆ జంటలో మగాయన కదలకుండా నిలబడి, చెయ్యి పైకెత్తి చూపించాడు.

మామయ్యగారు గోడ మీదున్నారు. ఎక్కకూడదని తాడు కట్టిన మెట్లెక్కి, సగం కూలిన బురుజు అంచున నిలబడి, లోయవైపు చూస్తున్నారు. టికెట్లావిడ గొంతు తగ్గించి ఫోన్‌లో అగ్నిమాపకదళాన్ని పిలుస్తోంది. మేమెవ్వరం పైకి వెళ్ళొద్దని చేత్తో సైగ చేసింది.

"ఏమండీ, దిగి రండి" అన్నారు అత్తయ్యగారు.

ఆయన మావైపు తిరిగి కిందికి చూశారు. అత్తయ్యగారిని చూశారు, నన్ను చూశారు. తెలిసిన ఛాయ లేదు ఆ కళ్ళలో. ఇంతమంది కొత్తవాళ్ళు తననెందుకు చూస్తున్నారో అర్థంకానట్టు, బెదిరి, ఒక అడుగు వెనక్కి వేశారు. వెనక గోడ అట్టే లేదు. చిన్న రాయొకటి జారి లోయలోకి పోయింది, అది కిందపడిన చప్పుడు కూడా వినపడలేదు.

అత్తయ్యగారు నా చెయ్యి వదిలేశారు. నాలుగడుగులు ముందుకెళ్ళి, కొంగు నడుముకి దోపి, ఆయన్ని పేరు పెట్టి పిలిచారు. పూర్తి పేరు కాదు. దాన్ని సగానికి విరిచి, ముందు ఒరే చేర్చి, వీధిలో ఆడుకునే పిల్లాణ్ణి పిలిచినట్టు. ఓటరు లిస్టు రాసుకునేవాళ్ళకి కూడా ఆయన పేరు చెప్పని మనిషి, పక్కింటివాళ్ళ చేత చెప్పించే మనిషి.

మామయ్యగారి ముఖం విప్పారింది.

"ఆఁ, వస్తున్నానమ్మా" అన్నారు.

అత్తయ్యగారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. మామయ్యగారి అమ్మ పోయి ఎన్నేళ్ళయిందో నాకు తెలుసు. మళ్ళీ అదే గొంతుతో, "అన్నం చల్లారిపోతోందిరా. గోడ పట్టుకుని, మెల్లగా దిగు. పరిగెత్తావంటే వీపు చీరేస్తా" అన్నారు.

ఆయన బుద్ధిగా గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగారు. ప్రతి మెట్టుకీ ఆవిడ ఏదో ఒకటి అంటూనే ఉన్నారు, గొంతు ఎక్కడా వణకనివ్వకుండా. కింద కాలు పెట్టగానే ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. టికెట్లావిడ కన్నీళ్ళు తుడుచుకుంటూ నాతో జర్మన్‌లో ఏదో అంది. ప్రమాదం తప్పిందని అయ్యుంటుంది. నాకు మాత్రం అప్పుడే అసలు భయం మొదలైంది.

కారు దాకా నడిపించుకొచ్చి వెనక సీట్లో ఇద్దర్నీ కూర్చోబెట్టాను. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. ఇక ఇప్పుడు మా ఆయన నమ్ముతాడు, కానీ ఆ నమ్మకం నాకొద్దు. నేను పొరబడితేనే బాగుండేది.

అత్తయ్యగారు కొంగు సర్దుకుని, ఎప్పటి గొంతుతో, "ఏమండీ, బెల్టు పెట్టుకోండి" అన్నారు.

మామయ్యగారు ఆవిడ వైపు తిరిగారు. పెళ్ళయిన నాటినుంచీ ఏమే అని తప్ప పిలవని భార్యని, బస్సులో పక్కసీటావిడతో మాట్లాడినట్టు మర్యాదగా అడిగారు.

"మా అమ్మ ఎటు వెళ్ళిందండీ? ఇందాక ఇక్కడే ఉందే."

అద్దంలో అత్తయ్యగారి ముఖం కనిపిస్తోంది. ఆవిడ ఆయన చేతిమీద చెయ్యి వేసి, "ఇక్కడే ఉన్నానురా. బెల్టు పెట్టుకో" అన్నారు.

ఆయన పెట్టుకున్నారు.

"పోనియ్యి అమ్మాయ్" అన్నారావిడ నాతో.