దేవుడి ముందు పెట్టిన సీసా

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. చనిపోయినవాళ్ళు తిరిగొస్తారంటే మా పారాయణ మండలిలో అందరికంటే ముందు కొట్టిపారేసేదాన్ని నేనే. జీవుడు కర్మను వెంటబెట్టుకుని ముందుకే పోతాడు, వెనక్కి రాడు. చిన్నప్పటి నుంచి విన్నది అదే, నలుగురికీ చెప్పిందీ అదే. ఇప్పటికీ నమ్మేది అదే. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది కంకిపాడు. నా చెల్లెలు పద్మకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చి కాలేయానికి పాకింది. విజయవాడ ఆసుపత్రిలో డాక్టరు గారు కీమోతో పాటు ఇంకో ఇంజెక్షన్ రాశారు. గడ్డ తన తిండి కోసం కొత్త రక్తనాళాలు పుట్టించుకుంటుందట. ఈ మందు వాటిని పుట్టనివ్వదు. రక్తం అందక గడ్డ మాడుతుంది.

"కాకపోతే బీపీ పెరగొచ్చమ్మా, ముక్కులోంచి రక్తం రావచ్చు. చిన్న గాయమైనా త్వరగా మానదు. కత్తిపీట దగ్గరికి పోనివ్వకండి" అని డాక్టరు గారు నాతో చెప్పారు.

మందు తెచ్చిపెట్టింది మా మండలిలో మొదటి వరసలో కూర్చునే శేషగిరిరావు గారు. ఆయనకు విజయవాడలో మందుల ఏజెన్సీ ఉంది.

"బయట కొనకండి టీచరు గారూ, అంతా నకిలీ సరుకు. పద్మ నాకు మాత్రం చెల్లెలు కాదా?" అన్నారు.

ప్రతిసారీ సీసాను ఐసు పెట్టెలో తెచ్చి, శనివారం పారాయణలో దేవుడి ముందు పెట్టేవారు. అందరం నామాలు చదివి, పెట్టెకు కుంకుమ బొట్టు పెట్టి, తోరం కట్టేవాళ్ళం. ఆ తోరంతోనే అది ఆసుపత్రికి వెళ్ళేది. దేవుడి ముందు పెట్టిన దాన్ని పరీక్షగా చూడటం మా వాళ్ళకు తోచదు. దానికి బిల్లు అడగడం అసలే తోచదు.

పద్మకు బీపీ పెరగలేదు. ముక్కులోంచి రక్తం రాలేదు. నేను ఇంట్లో లేనప్పుడు వంకాయలు తరుగుతూ వేలు కోసుకుంటే, రెండ్రోజుల్లో మానిపోయింది.

"చూశావా అక్కా, స్వామి ఎలా కాపాడుతున్నాడో!" అని మురిసిపోయింది. అందరం మురిసిపోయాం. గడ్డలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. శ్రావణం దాటకుండానే పద్మ వెళ్ళిపోయింది.

వాడని సీసా ఒకటి ఫ్రిజ్‌లో మిగిలింది. లేనివాళ్ళకు ఎవరికైనా పనికొస్తుందని డాక్టరు గారికి ఇవ్వబోయాను. ఆయన వెలుతురులో పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. పై సీలు మళ్ళీ అతికించినట్టుంది. దాని కింద రబ్బరు మూతకు సూది గుచ్చిన చిల్లు. కొంచెం తీసి పరీక్షకు పంపారు. మళ్ళీ వెళ్ళినప్పుడు నా మొహం చూడలేక సీసా చేతిలో పెట్టి, "ఇందులో మందు లేదమ్మా, ఉప్పునీళ్ళు" అన్నారు.

ఫిర్యాదు చేద్దామంటే, ఆ సీసా శేషగిరిరావు గారు అమ్మిందేననడానికి నా దగ్గర బిల్లు కూడా లేదు. ఆ సాయంత్రం సీసాను పూజగూట్లో పెట్టి, తోరం కట్టాను. "స్వామీ, నా చెల్లెలికి చేరని ఆ మందును, అమ్మినవాడికి చేర్చు" అన్నాను. ఏడవలేదు.

తరవాత మండలి వాళ్ళు పద్మ పేరున పారాయణ పెట్టారు. కొబ్బరికాయ కొట్టేది ఎప్పుడూ శేషగిరిరావు గారే. ఆ రోజు పెంకు ఆయన బొటనవేలికి గీరుకుంది. గోరంత గాయం. పసుపు అద్దారు, గుడ్డ చుట్టారు, రక్తం ఆగలేదు. తీర్థం ఇస్తుంటే ఉద్ధరిణెలో ఎర్రటి చుక్క పడింది. నేను చెయ్యి చాపలేదు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం ఆయన భార్య కమల మా ఇంటికి వచ్చింది.

"ఆ వేలు ఇంకా పచ్చిపుండులాగే ఉంది వదిన గారూ. సుగర్ లేదు. రక్తం గడ్డకట్టే పరీక్షలన్నీ బాగానే ఉన్నాయంట. రోజూ ముక్కులోంచి రక్తం, బీపీ దిగట్లేదు."

"డాక్టరేమన్నారు?"

కమల తల దించుకుంది. "క్యాన్సర్‌కని ఫలానా ఇంజెక్షనేమన్నా చేయించుకుంటున్నారా అని అడిగారండీ. ఆ పేరు వినగానే మా ఆయన కుర్చీలోంచి జారిపోయారు. ఇంటికొచ్చాక అంతా నాతో చెప్పేశారు. మీరు దేవుడి ముందు ఏమన్నా అనుకున్నారా వదిన గారూ? అనుకుంటే వెనక్కి తీసుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

లేచి పూజగూట్లోంచి సీసా తెచ్చాను. తోరం కట్టాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కట్టిన ముడి కట్టినట్టే ఉంది. సీసా అడుగున చెమ్మ కూడా లేదు.

సీసాను కమల ముందు పెట్టాను.

"ఇందులో ఏముందో చూడమ్మా."

"ఏమీ లేదుగా వదిన గారూ?"

"మొన్నటిదాకా మీ ఆయన పోసిన నీళ్ళుండేవి. ఇప్పుడు వెనక్కి తీసుకోవడానికి ఏమీ మిగల్లేదు."

ఆ చిల్లులోంచి ఆరిపోయి ఉంటుందని మా మరిది అంటాడు. కావచ్చు. ఆ వేలు మానకపోవడానికి కారణం మాత్రం విజయవాడలో ఏ డాక్టరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను.

శనివారం పారాయణ జరుగుతూనే ఉంది. మొదటి వరసలో ఆయన చోటు ఖాళీ. కొబ్బరికాయ ఇప్పుడు నేను కొడుతున్నాను, ఆడవాళ్ళు కొట్టకూడదని ఒక్కరూ అనలేదు. కొట్టే ముందు ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతాను, అతన్ని క్షమించమన్న మాట లోపల వినిపిస్తుందేమోనని. స్వామి ఇంతవరకు ఆ మాట అనలేదు.